గల్లాకు అటూ ఇటూ

దుకాణంలో అమర్యాద అనగానే తిట్లు, అరుపులు గుర్తుకొస్తాయి. అవి అరుదు. రోజూ జరిగే అమర్యాద చాలావరకు నోరు విప్పకుండానే జరిగిపోతుంది. గిరాకి వచ్చి నిలబడినా తలెత్తి చూడకపోవడం, చిల్లర చేతికివ్వకుండా బల్ల మీదికి విసరడం, మాట మధ్యలో ఫోనెత్తి ఎదుటివారిని వేలితో ఆగమనడం, ధర అడిగినవారికి జవాబు చెప్పేముందు వాళ్ల కాళ్ల చెప్పుల వంక చూడడం. వీటిలో ఒక్క చెడ్డమాట లేదు. ఇంటికెళ్లాక కూడా గుచ్చుకునేవి మాత్రం ఇవే. అవతలి వైపు నుంచీ ఇంతే జరుగుతుంది: చిటికె వేసి పిలవడం, పది రకాలు తీయించి ఒక్క మాటైనా చెప్పకుండా లేచిపోవడం, పనివాడు పక్కనే ఉండగా అతని మీద యజమానికి చాడీ చెప్పడం.

మర్యాద అనే సంస్కృత పదానికి మొదటి అర్థం హద్దు. ఒడ్డు, పొలిమేర, చెలియలికట్ట అన్నీ ఆ అర్థంలోకే వస్తాయి. గౌరవం అన్న అర్థం తర్వాత వచ్చి చేరింది. కొనేవారికీ అమ్మేవారికీ మధ్య నడిచే వ్యవహారానికి ఆ పాత అర్థమే ఎక్కువ పనికొస్తుంది. గల్లాపెట్టె పెట్టుకున్న బల్ల ఒక హద్దు. అటొకరు, ఇటొకరు. కొద్ది నిమిషాల పాటు ఇద్దరి పనుల్ని అది వేరు చేస్తుంది, అంతే. మనుషుల్లో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది కూడా అదే తేల్చేస్తుందని ఇద్దరిలో ఎవరైనా అనుకున్న క్షణాన అమర్యాద మొదలవుతుంది.

ఈ సంగతి కళ్లకు కట్టాలంటే సోలాపూర్ తూర్పు భాగంలోని కొంతం చౌక్ లాంటి చోటికి వెళ్లాలి. మహారాష్ట్రలో ఉన్న ఈ చౌరస్తా చుట్టుపక్కల పేటల్లో ఇళ్లలో వినిపించేది తెలుగు. సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో వెలిసింది. ఆ తర్వాత మిల్లుల కోసం, మగ్గాల కోసం నిజాం ఇలాకా నుంచి, ముఖ్యంగా నేటి కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి, పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఇక్కడికి వచ్చి చేరాయి. కొంతం, కన్నా, కుచన్ అన్నవి ఆ కుటుంబాల ఇంటిపేర్లే. ఇవాళ చౌరస్తాల పేర్లలో, బడి పేర్లలో కనిపిస్తాయి. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది, చద్దరుతో పాటు టవల్ వచ్చింది. ఆడవాళ్ల చేతుల్లోకి బీడీ వచ్చింది.

ఇలాంటి పేటలో ఒకే మనిషి రోజులో నాలుగుసార్లు బల్లకు అటూ ఇటూ మారుతుంటాడు. పొద్దున కార్ఖానాలో మాలక్ ముందు ఉచల్ కోసం, అంటే అడ్వాన్సు కోసం, చేతులు కట్టుకుని నిలబడ్డ నేతకార్మికుడు సాయంత్రానికి కిరాణా దుకాణంలో గిరాకి. మధ్యాహ్నం బీడీల గంపతో చెకింగ్ చేసేవాడి ముందు వరుసలో నిలబడ్డ అతని భార్య, సాయంత్రం గాజుల దుకాణంలో కూర్చుని ఇవి చూపు, అవి చూపు అంటుంది. కొడుకు బట్టల దుకాణంలో చీరలు విప్పుతుంటాడు, కూతురు ఫోన్ల దుకాణంలో బల్ల వెనక కూర్చుంటుంది. ఒకచోట మింగిన అవమానం ఇంకోచోట బయటికి రావడానికి దారి ఇంత దగ్గరగా ఉంటుంది. మాలక్ కసిరితే నేతకార్మికుడు కిరాణా కుర్రాడిని కసురుతాడు, ఆ కుర్రాడు సైకిల్‌కు అడ్డం వచ్చిన ముసలామెను కసురుతాడు. పని చోట్లలో అమర్యాద ఇలా ఒకటికి రెండుగా మలుపులు తిరిగి పెరుగుతుందని ఆండర్సన్, పియర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఒక వ్యాసంలో వివరించారు. సరిగ్గా అంతకు అంత బదులు చెల్లించడంతో ఇది ఆగదు. ప్రతి బదులూ ముందుదానికంటే ఒక పిసరు ఎక్కువే ఉంటుంది. వ్యక్తిత్వం విషయంలో ఇక్కడ నేర్వవలసిన పని చిన్నదిగానే కనిపిస్తుంది: ఒక బల్ల దగ్గర తగిలినది ఇంకో బల్ల దగ్గరికి మోసుకెళ్లకపోవడం. చేయబోతే మాత్రం కష్టం. అందుకే దాన్ని ఒక్కో సందర్భంలో విడిగా చూడాలి.

మొదటిది పిలుపు. కొంతం చౌక్ దగ్గర వ్యాపారం చేసేవారి నోట్లో ఒకే గంటలో నాలుగు భాషలు ఆడతాయి: తెలుగు, మరాఠీ, కన్నడం, దక్కనీ ఉర్దూ. నాలుగింటికీ నాలుగు రకాల మన్నన. తెలంగాణ నుంచి వచ్చిన తెలుగులో ‘నువ్వు’ అన్నంత మాత్రాన చిన్నతనం లేదు. ‘ఏం గావాలె అన్నా?’ అన్నప్పుడు మన్నన మొత్తం ‘అన్నా’లో ఉంటుంది. క్రియకు బహువచనం తగిలించనవసరం లేదు. అక్క, వదిన, కాక, బాపు అన్న వరస ఒక్కటి కలిస్తే చాలు. మరాఠీలో అలా కుదరదు. అక్కడ కాకా అని పిలిచినా పక్కన ‘తుమ్హీ’ (మీరు) ఉండాలి. కొత్తవారిని ‘తూ’ (నువ్వు) అంటే వరస కలిపినా కరుకుగానే వినిపిస్తుంది. ఉత్తర కర్ణాటక కన్నడంలో మాట చివర ‘రీ’ ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఆ అలవాటునే మరాఠీలోకి దించి పెద్దాయనను ‘తూ’ అనేస్తే, అన్నవారి మనసులో ఏమీ లేకపోయినా విన్నవారికి గుచ్చుకుంటుంది. పొరుగు భాష నేర్చుకునేటప్పుడు అంకెల కన్నా ముందు నేర్వవలసింది ఈ సర్వనామాలే.

ఏకవచనానికి రెండు ముఖాలున్నాయని రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో చూపారు. ఒకటి దగ్గరితనం, ఇంకొకటి అధికారం. రెంటినీ విడదీసి పట్టుకునే గుర్తు సులువైనది: అది రెండు వైపులా నడుస్తుందా? దుకాణదారు గిరాకిని ‘నువ్వు’ అని, గిరాకీ దుకాణదారును ‘నువ్వు’ అంటే అది దగ్గరితనం. ఒకవైపే నడిస్తే అది అధికారం. చాయ్ తెచ్చే కుర్రాడు ‘సేట్, సాబ్’ అంటుంటే ఎదుటివారు ‘ఏయ్ ఛోటూ’ అనడం ఈ రెండో కోవలోది. రోజూ చాయ్ తెచ్చే కుర్రాడికి ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉంటుంది. ఒకసారి అడిగి గుర్తుపెట్టుకోవడానికి పట్టేది అరనిమిషం. ఆడవాళ్ల విషయంలో తొందర ఇంకొక రకంగా దెబ్బతీస్తుంది. ముప్పై అయిదేళ్ల ఆమెను మరాఠీలో ‘మావ్షీ’ (పిన్ని) అనో ‘అవ్వా’ అనో పిలిచి వయసు పెంచేవారు ఎందరో. ‘అక్కా’, ‘తాయీ’ అన్న పిలుపులు ఏ వయసుకైనా చెల్లుతాయి.

పిలుపు తర్వాతిది నిరీక్షణ. పండుగ ముందు కిరాణా దుకాణంలో పదిమంది ఒకేసారి నిలబడతారు. ఆలస్యాన్ని ఎవరూ తప్పు పట్టరు, తమను చూడలేదన్న అనుమానమే కాలుస్తుంది. కారణం చెప్పని నిరీక్షణ, చెప్పిన నిరీక్షణ కన్నా పొడవుగా అనిపిస్తుందని డేవిడ్ మైస్టర్ 1985లో వరుసల మనస్తత్వం గురించి రాశాడు. తూకం వేస్తూనే తలెత్తి ‘జర ఆగు అక్కా, ఈ పొట్లం గట్టి నీదే చూస్త’ అన్న దుకాణదారుకు ఆ రచన చదివే పని లేదు. ఆ ఒక్క మాటతో పది నిమిషాలు తేలికవుతాయి.

వరుసలో ఎప్పుడూ ఓడిపోయేది పిల్లలే. పదిరూపాయల నోటు పిడికిట్లో నలుపుకుంటూ వచ్చిన ఏడేళ్ల పిల్ల తల బల్ల అంచుకు సరిగ్గా అందుతుంది. ‘అంకుల్, చక్కెర’ అంటుంది. ఆ పిల్ల తల మీదుగా ఒక పెద్దచెయ్యి వందనోటు చాపుతుంది, ఇంకొక చెయ్యి నూనె సీసా పెడుతుంది. పిల్ల మళ్లీ ‘అంకుల్’ అంటుంది, ఈసారి ఇంకా మెల్లగా. దుకాణదారు చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చే గొంతులే అతనికి వినిపిస్తున్నాయి. అక్కడ నిలబడ్డ పెద్దవాళ్లలో ఎవరో ఒకరు ‘ఈ పిల్ల నాకంటే ముందొచ్చింది, దానిది చూడు’ అనాలి. చాలాసార్లు ఎవరూ అనరు. ఆ పిల్ల ఆ రోజు నేర్చుకున్నది గట్టిగా అరిస్తేనే పని అవుతుందని. ఒక దుకాణం మర్యాదను కొలవాలంటే ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు: పిల్లలకు తమ వంతు వస్తోందా?

పొద్దుటి పూట ఇంకొక మెలిక ఉంది. తెలుగులో బోణీ, మరాఠీలో భవానీ. మొదటి గిరాకి కొనకుండా వెళ్తే రోజంతా బేరం పాడవుతుందని చాలామంది నమ్మకం. దీనివల్ల మొదటి గిరాకి మీద లేనిపోని బరువు పడుతుంది. ధర అడిగి వెనక్కి తిరిగితే ముఖం మాడ్చడం, వెనక నుంచి గొణగడం జరుగుతాయి. నమ్మకం అమ్మేవారిది, దాని ఖర్చు కొనేవారి నెత్తిన వేయడం న్యాయం కాదు. అలాగని దుకాణం తెరిచీ తెరవకముందే ఊరికే ధరలు విచారించడానికి వచ్చి అరగంట బేరమాడడం కూడా ఆ నమ్మకాన్ని తెలిసీ తొక్కడమే. కొనే ఉద్దేశం లేనప్పుడు కాస్త పొద్దెక్కాక వెళ్తే ఇద్దరికీ బాగుంటుంది.

మర్యాదకు అసలు పరీక్ష బట్టల దుకాణంలో జరుగుతుంది. సోలాపూర్‌లో పెళ్లి బట్టల కొనుగోలును ‘బస్తా’ అంటారు. పెళ్లివారు ఒకరిద్దరు పోరు, వదినలు, మేనత్తలు, పెద్దమ్మలతో ఇంటిల్లిపాదీ కదులుతారు. చాటీ గల్లీ వంటి బట్టల బజారులో తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద వాళ్లు కూర్చుంటారు, ఎదురుగా చీరలు విప్పే పనివాడు నిలబడతాడు. ఒక్కో చీర మడత విప్పి, కొంగు పరిచి, అంచు తిప్పి చూపాలి. నలభై చీరలు విప్పితే నలభై చీరలు మళ్లీ మడవాలి. మడత మీద మడత సరిగ్గా పడకపోతే చీర గీతలు పడి అమ్ముడుపోదు. పెళ్లివారు లేచి వెళ్లాక జరిగే ఈ పని ఎవరికీ కనపడదు. ‘ఇది గూడ చీరనేనా’ అని ఒకావిడ కాలితో పక్కకు జరిపినప్పుడు ఆ పనివాడి ముఖంలో జరిగేది మాత్రం చూడగలిగినవారికి కనపడుతుంది.

అతని వైపు నుంచి జరిగే పెద్ద తప్పు వేరు. ముతక చీర కట్టిన తల్లి అద్దాల బీరువా వైపు చెయ్యి చూపితే ‘అది నీకు పడది అవ్వా, రేటెక్కువ’ అంటాడు. అబద్ధం కాకపోవచ్చు, మేలు కోరే చెప్పి ఉండవచ్చు. కానీ ఆ మాటతో ఆమె పక్కన కూర్చున్న వియ్యపురాలి ముందు ఆమె ముఖం చిన్నబోయింది. మనిషికి సమాజంలో ఒక ముఖం ఉంటుందనీ, దాన్ని నిలబెట్టుకోవడమూ ఎదుటివారిది నిలబెట్టడమూ కలిసే జరుగుతాయనీ ఎర్వింగ్ గోఫ్‌మన్ 1955లో రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే. తెలుగువారికి ఇది కొత్త సిద్ధాంతం కాదు. ముఖం చిన్నబోవడం, ముఖం చెల్లకపోవడం, ముఖం చాటేయడం అన్నవి ఏనాటి నుంచో ఉన్న మాటలు. అదే పనివాడు మొదట్లోనే ‘ఎంతల చూపియ్యాలె అక్కా?’ అని అడిగి ఉంటే డబ్బు సంగతి మర్యాదగా తేలిపోయేది. కొనేవారు కూడా ‘రెండు వేల లోపల చూపియ్యి’ అని ముందే చెప్పేస్తే పదిహేను చీరల మడతలు తప్పుతాయి. తమ దగ్గరున్న డబ్బెంతో చెప్పడం చిన్నతనమని అనుకునేవారే ఎక్కువసేపు విప్పించి, చివరికి నచ్చలేదని సాకు చెప్పి లేస్తారు. నచ్చకపోయినా, డబ్బు చాలకపోయినా లేచేముందు ఒక మాట చాలు: ‘మంచిగ చూపిచ్చినవ్ తమ్మీ, ఇంట్ల మాట్లాడి వస్తం.’

నేతపేటలో బట్ట కొనేవారికి ఇంకొక ప్రత్యేకత ఉంది. బట్ట అంటే ఏమిటో వాళ్లకు అమ్మేవారికన్నా బాగా తెలుసు. వేళ్ల మధ్య అంచు నలిపి పోగు ఎంత దగ్గరగా పడిందో చెప్పగలరు. కాయలు కాసిన ఆ వేళ్లను చూసి ‘చెయ్యి వెట్టకు, మాస్తది’ అనే కుర్రాడికి, ఆ గుడ్డ లాంటివి ఆ చేతుల కిందనుంచి వేలకొద్దీ వచ్చాయని తెలియదు. తెలుసుకునే అవకాశం ఉంది. ‘ఎట్లుంది కాకా, నేత?’ అని అడిగితే చాలు, కాక తెలిసినదంతా చెబుతాడు.

మర్యాదకూ నిజాయితీకీ ఉన్న సంబంధం కూడా ఇక్కడే చూడాలి. జకార్డ్ మగ్గం మీద నేసే సోలాపూర్ చద్దరుకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. అయినా పానిపట్ వంటి చోట్ల నేసిన చవక దుప్పట్లు అదే పేరుతో అమ్ముడవుతున్నాయని ఇక్కడి ఉత్పత్తిదారులు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అన్నా వదినా అని వరస కలిపి అలాంటి దుప్పటి అంటగట్టిన మనిషి మర్యాదస్తుడు కాడు. మాట తీపిగా ఉన్నకొద్దీ మోసం ఎక్కువ నొప్పి పెడుతుంది. అడగకముందే ‘ఇది ఇక్కడిది గాదు, ధర అందుకే తక్కువ’ అని చెప్పే దుకాణదారు గొంతు కాస్త మోటుగా ఉన్నా గిరాకిని లెక్కలోకి తీసుకున్నట్టే.

లేదనడం ఒక విద్య. వారానికోసారి పగార్ అందే ఇళ్లలో ఉద్దెర తప్పనిసరి. ప్రతి కిరాణాకొట్టులో ఉద్దెర రాసే పుస్తకం ఉంటుంది. ‘ఆజ్ రోఖ్, ఉద్యా ఉధార్’ అని గోడ మీద మరాఠీలో రాసిపెట్టడం మహారాష్ట్ర అంతటా కనిపించే అలవాటు. ఈ రోజు నగదు, ఉద్దెర రేపు. కొందరు దాన్ని కరుకుతనం అనుకుంటారు గానీ అందులో ఒక సున్నితం ఉంది. ఆ రాత అందరికీ ఒకేసారి లేదంటుంది, ఏ ఒక్కరి ముఖమ్మీదా అనదు. ఇంతా చేసి తెలిసినవారికి ఉద్దెర ఇచ్చేది ఇస్తూనే ఉంటారు. చేటు వచ్చేది బాకీ అడిగేటప్పుడు. నలుగురి మధ్యలో ‘పోయిన వారానిది ఇంకా ఇయ్యలే’ అని గట్టిగా అంటే ఆ డబ్బు వస్తుంది, ఆ మనిషి మాత్రం మళ్లీ రాడు. జనం పలచబడ్డాక పుస్తకం తిప్పి అంకె మీద వేలుంచి చూపిస్తే సరిపోతుంది. బాకీ ఉన్నవారు కూడా దుకాణం ముందునుంచి తల తిప్పుకుని పోకుండా ‘ఈ వారం కుదరలే, వచ్చే వారం ఇస్త’ అని ఆగి చెప్పాలి. ముఖం చాటేయడం డబ్బు ఎగ్గొట్టడం కన్నా ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

చిల్లర తగాదాలు ఈమధ్య తగ్గాయి. 2016లో యూపీఐ వచ్చాక, అందిన మొత్తాన్ని గొంతెత్తి చెప్పే డబ్బా బల్ల మీదికి చేరాక, ‘సుట్టే ద్యా’ (చిల్లర ఇవ్వండి) అన్న విసుగు, చిల్లరకు బదులు చాక్లెట్టు చేతిలో పెట్టడం తగ్గుముఖం పట్టాయి. అయితే డబ్బా పలికాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే విడిపోవడం కొత్తగా అలవాటవుతోంది.

బీడీ కార్ఖానా శాఖ ముందున్న బల్ల వేరే రకం. అక్కడ నిలబడే ఆడవాళ్లు గిరాకీలు కారు, కార్మికులు. కానీ ఈ పేటలో ఎక్కువమంది ఆడవాళ్లకు బల్ల అనేదాని మొదటి అనుభవం అదే గనుక దాన్ని వదిలేసి ఈ విషయం పూర్తికాదు. ఆకు, తంబాకు, దారం కార్ఖానా ఇస్తుంది. ఇంటి దగ్గర ఆకు తడిపి, కొలతకు కత్తిరించి, చుట్టి, దారం కట్టి, మరునాడు గంపలో తెచ్చి అప్పగించాలి. మజూరీ వెయ్యి బీడీల లెక్కన. తీసుకునేవాడు ఒక కట్ట తీసి వేళ్ల మధ్య దొర్లిస్తాడు. నచ్చనివి పక్కకు విసురుతాడు. వాటిని ఛాట్ అంటారు. ఛాట్ అయినవాటికి కూలి లేదు, వాటికి పట్టిన పొద్దు మాత్రం పోయినట్టే. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఆకు సరఫరా మీద, ఛాట్ మీద వచ్చే తగాదాలను తేల్చడానికి ఒక అధికారి ఉండాలని చెప్పింది. ఒక దేశం చట్టం రాసుకోవలసినంత తగాదా ఆ చిన్న బల్ల దగ్గర ఉందన్నమాట.

ఛాట్ తీయడం అతని పని. ఎలా తీస్తాడన్నది అతని చేతిలో ఉంది. పక్కన పెట్టి ‘ఇవి దారం వదులైనయ్, చూడు’ అని ఒకదాన్ని ఆమె చేతికిస్తే, ఆమెకు కూలి పోయినా చేతి పని మీద గౌరవం మిగులుతుంది. మరునాడు దారం గట్టిగా కడుతుంది. మాట లేకుండా నేలమీదికి విసిరితే వరుసలో ఉన్న ఇరవైమంది ముందు ఆమె పనితనం నేల పాలైనట్టు. ఆమె వంగి ఏరుకుంటుంది. ఆ పక్కనే నిలబడ్డ కూతురు చూస్తుంది. అరగంట తర్వాత కూరగాయల బండి దగ్గర ఆ తల్లి వంకాయను తిప్పి చూసి ‘అన్నీ పుచ్చులే’ అని బుట్టలోకి విసిరేస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు. ఆ విసురు బండి దగ్గర పుట్టలేదు. వ్యక్తిత్వం మార్చుకోవాలనుకునేవారు గమనించవలసిన క్షణం కూడా అదే: చెయ్యి విసిరేముందు, అది ఏ బల్ల దగ్గర నేర్చిన విసురో గుర్తించడం.

బ్యాంకులు, ఆఫీసుల్లో అమర్యాద చాలావరకు కాగితం రూపంలో ఉంటుంది. బ్యాంకు ఫారాలు హిందీలో, ఇంగ్లిషులో, ప్రాంతీయ భాషలో ఉండాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఇక్కడి ప్రాంతీయ భాష మరాఠీ. తెలుగులోనే సంతకం చేయగలిగిన ముసలి నేతకార్మికుడికి మూడింటిలో ఏదీ పనికిరాదు. అతను కిటికీ దగ్గర ఫారం చాపి నిలబడితే, ‘నింపుకొని రా’ అని వెనక్కి నెట్టడం రోజూ జరిగేదే. అతనికి చదువు రాదని గదంతా వినిపించేలా చెప్పనక్కర్లేదు. వెనక వరుసలో ఉన్న చదువుకున్న కుర్రాడు ముందుకొచ్చి ‘ఇయ్యి తాతా, నేను రాస్త’ అనవచ్చు. రాసేటప్పుడు ఖాతాలోని మొత్తాన్ని పైకి చదవకుండా ఉండడం అందులో రెండో సగం. ప్రభుత్వ సేవల విషయంలో మహారాష్ట్ర 2015లో సేవాహక్కు చట్టం తెచ్చింది. ఏ కాగితం ఎన్నిరోజుల్లో ఇవ్వాలో అది గడువు పెట్టింది. గడువు చట్టంతో వస్తుంది, గొంతు మాత్రం మనిషి దగ్గర నుంచే రావాలి.

కిటికీల పక్కన, గల్లాల వెనక ‘గిరాకి దేవుడు’ అన్న అర్థం వచ్చే పలకలు వేలాడుతుంటాయి. గాంధీ పేరుతో కనిపించే అలాంటి మాటలకు ఆయన రచనల్లో ఆధారం దొరకలేదు. ‘గిరాకి చెప్పిందే ఒప్పు’ అన్న పద్ధతి వందేళ్ల కిందట షికాగో, లండన్ మహానగరాల పెద్ద అంగళ్లలో ప్రచారంలోకి వచ్చింది. అమ్మేవారి పొగరును తగ్గించడానికి అది ఒకప్పుడు పనికివచ్చి ఉంటుంది. ఇప్పుడు దాని చేటు కనిపిస్తోంది. ఒకరిని దేవుణ్ణి చేస్తే రెండోవారు దాసులు కాక తప్పదు. విమానాల్లో పనిచేసే ఆడవాళ్లు మనసులో ఏమున్నా ముఖాన నవ్వు పులుముకోవడం కూడా ఒక చాకిరీయేనని ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ఒక పుస్తకంలో చూపింది. ఆ చాకిరీకి విడిగా కూలి ఉండదు. గిరాకిని దేవుడిగా చూసే అలవాటు బలంగా ఉన్న జపాన్‌లోనే, గిరాకీల వేధింపు నుంచి పనివాళ్లను కాపాడడానికి టోక్యో నగర ప్రభుత్వం చేసిన శాసనం 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన దగ్గర కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు ఇచ్చాయి. బట్టల దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడే ఆడవాళ్ల పోరాటమే దానికి మూలం. పనివాళ్లు కూర్చుని ఉంటే తమకు గౌరవం తగ్గిందని అనుకునే గిరాకీలు ఇంకా ఉన్నారు. పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ల మీద మర్యాద ఎంతసేపు నిలుస్తుందో వాళ్లు ఆలోచించాలి.

ఫిర్యాదు చేయడంలోనూ నేర్పు ఉంది. కొన్న టవల్ మొదటి ఉతుకులోనే రంగు పోయింది. దుకాణానికి వచ్చి ‘నువ్వు మోసం జేసినవ్’ అంటే మాట మనిషి మీదికి వెళ్లింది, ఇక అతను తనను కాపాడుకోవడం మొదలుపెడతాడు, టవల్ సంగతి పక్కకు పోతుంది. టవల్ విప్పి బల్ల మీద పరిచి ‘ఒక్కసారే ఉతికిన, చూడు’ అంటే ఇద్దరి కళ్లూ టవల్ మీద ఉంటాయి. అమ్మింది జీతానికి పనిచేసే కుర్రాడైతే, యజమాని ముందు అతన్ని నిలదీయడం వల్ల అతని పగార్ కోతపడే ప్రమాదం ఉంటుంది. ఫిర్యాదు సరుకు మీద చేయాలి, దాన్ని మార్చివ్వగలిగినవారికి చేయాలి. తప్పు తేలినప్పుడు చెప్పే మాట కూడా చిన్నదిగా ఉండాలి. తెలుగు పేటల్లో క్షమాపణ అన్న పదం నోటికి రాదు, ‘తప్పైంది, ఏమనుకోకు’ అంటారు. దాని తర్వాత ‘కానీ’ అన్న మాట రాకపోతే అది పూర్తి క్షమాపణే.

అలాగే ధన్యవాదాలు అన్న మాట వినపడనంత మాత్రాన ఇక్కడివారికి కృతజ్ఞత తెలియదనుకోకూడదు. దుకాణం దిగేటప్పుడు ఎవరూ ‘పోతున్న’ అనరు, ‘వస్త’ అంటారు. మళ్లీ ఇక్కడికే వస్తానన్న మాట అది. బదులుగా అమ్మేవారు ‘మంచిది’ అంటారు. ఆ రెండు మాటలూ మరిచిపోయినచోట ఎన్ని థాంక్యూలు చెప్పినా ఏదో తక్కువగానే ఉంటుంది.

చివరి సందర్భం దుకాణం మూసేవేళది. షట్టర్ సగం దింపాక ఒకామె వంగి లోపలికి చూస్తుంది. లోపల కుర్రాడు లెక్క కట్టేశాడు, పొద్దున తొమ్మిదింటి నుంచి నిలబడే ఉన్నాడు. ఆమెకు కావలసింది చంటిపిల్లకు పాలపొడి అయితే మళ్లీ లైటు వేయాలి. అగరుబత్తి కట్ట అయితే వేయనవసరం లేదు, కానీ ‘బందైంది’ అని షట్టర్ చప్పుడు చేస్తూ దించడానికీ, ‘పొద్దున రా అక్కా, తీసి పెడ్త’ అని చెప్పి దించడానికీ తేడా ఉంది. ఆమె కూడా అవసరం ఏదో వచ్చీరాగానే చెప్పాలి, దిగిన షట్టర్ కింద నిలబడి ఇంకేమేం ఉన్నాయని అడగకూడదు. తాళం వేసి ఆ కుర్రాడు చౌరస్తా దాటి ఇంటి దారి పడతాడు. అమ్మ పాలు తెమ్మంది. పాల దుకాణం షట్టర్ కూడా అప్పటికే సగం దిగి ఉంటుంది. అతను వంగి, లోపల క్రేట్లు సర్దుతున్న మనిషితో అంటాడు: ‘అన్నా, ఒక్క అర్ధ లీటరే. చిల్లర సరిగ్గ తెచ్చిన.’